కథలోని గండి

కథ ఎచ్చట ముగియును? పుస్తకమైనచో తుదిపుటలో, నాటకమైనచో తెర పడినప్పుడు, టెలివిజను ధారావాహికయైనచో "సమాప్తము" అను అక్షరములు కనబడినప్పుడు. ఇది చెప్పువారి లెక్క. వినువారి లెక్క వేరు. భోజనములు ముగిసి అందఱును వసారాలో చేరిన పిమ్మట, "ఆ పిల్ల ఆనాడు పుట్టింటికి పోకయుండిన ఏమయ్యెడిది?" అని ఒకరు అడుగుదురు. "పోకయుండుట ఎట్లు? తల్లికి ఒంట్లో బాగులేదు గదా!" అని మఱియొకరందురు. ఆ క్షణమున కథ చెప్పువాని చేతినుండి వినువాని చేతికి మారినది. ఇట్లు చేతులు మారుటయే మా నేటి ప్రసంగమునకు విషయము.

ఇటీవల దీనికొక పేరు వచ్చినది. ఆంగ్లమున "ఫ్యాన్ ఫిక్షన్" అందురు. మనము అభిమాన కథ యని పిలుచుకొందము. ఒక నవలనో చలనచిత్రమునో టెలివిజను ధారావాహికనో మిక్కిలి ప్రేమించినవారు, అందలి పాత్రలను తీసికొని, తామే క్రొత్త ఘట్టములు కల్పించి వ్రాయు కథ ఇది. పాత్రలు పరులవి, సంఘటనలు తమవి. ప్రతిఫలము సాధారణముగా ఏమియు ఉండదు. అదే కథను ప్రేమించిన మఱి నలుగురు చదువుటయే ప్రతిఫలము. ఇది పనిలేనివారి పని యని కొందఱును, పడమటినుండి వచ్చిన క్రొత్త జాడ్యమని కొందఱును తలంచుచున్నారు. ఈ రెండు మాటలును నిజము కావని చెప్పుటయే మా ఉద్దేశము. ఇందుకు సాక్ష్యమును వెదకుకొనుచు మనము సముద్రములు దాటనక్కఱలేదు. కడప జిల్లాలో పాపాఘ్ని యొడ్డున ఉన్న గండి క్షేత్రమువఱకు పోయిన చాలును.

అచ్చటికి పోవుటకు ముందు, టెలివిజను చూచు మనిషి కథ వ్రాయు మనిషిగా ఎట్లు మారునో విచారింతము. పులివెందులలోనో ప్రొద్దుటూరులోనో ఒక గృహమును ఊహించుకొందము. ఇంటర్మీడియటు చదువు బాలిక యొకతె నానమ్మతోగూడ ప్రతిరాత్రి ఒక ధారావాహికను చూచుచున్నది. అది వారమునకు ఐదాఱు దినములు వచ్చును. నెలలు గడచును, సంవత్సరములు గడచును. అందలి మనుష్యులు ఇరుగుపొరుగువారికన్న ఎక్కువగా పరిచితులగుదురు. ఎవరు కోపము వచ్చినపుడు మాటాడరో, ఎవరు మాటాడక నిలువలేరో ఆమెకు తెలియును.

మొదట పుట్టునది వ్రాయవలెనను కోరిక కాదు, ఒక అసంతృప్తి. "వదినె అటువంటి మాట అనదు" అని ఆమెకు తోచును. ఈ మాట సామాన్యమైనది కాదు. కల్పితపాత్రకు ఒక స్వభావమున్నదనియు, దానిని కల్పించినవారే ఆ స్వభావమునకు ద్రోహము చేయవచ్చుననియు ఆమె గ్రహించినది. విమర్శకులు పెద్ద గ్రంథములలో ఔచిత్యమని చెప్పునది ఇదియే. రెండవది, ఖాళీని చూచుట. తెరమీద నాయిక ముఖమును ముమ్మాఱు దగ్గఱగా చూపుదురు. కాని ఆ గదిలోనే మూల నిలుచున్న ఆడుబిడ్డ ఏమనుకొన్నదో చూపరు. ఆ రాత్రి ఆడుబిడ్డకు నిద్రపట్టినదా? ఈ ప్రశ్న ఒకమాఱు మనస్సున దూరినచో వదలదు. మూడవది, చెప్పుట. మఱునాడు కళాశాలలో స్నేహితురాలితో, "అది అట్లు కాదు, ఇట్లు జరిగియుండును" అనును. స్నేహితురాలు, "తరువాత?" అని అడుగును. ఈ "తరువాత" అను మాటకు ఎంత శక్తి యున్నదో కథ చెప్పి నిద్రపుచ్చిన ప్రతి అవ్వకును తెలియును. నాలుగవది, లెక్కల నోటుపుస్తకము చివర నాలుగు పుటలు వ్రాయుట.

వ్రాయుటకు కూర్చుండినపుడు ఆమెకొక ఆశ్చర్యము కలుగును. పని అనుకొన్నంత కఠినముగా లేదు. క్రొత్తగా కథ వ్రాయువానికి ఎదురగు పెద్ద అడ్డంకి మనుష్యులను పుట్టించుట. ఇచ్చట వారు పుట్టియే యున్నారు. పేర్లున్నవి, ఇండ్లున్నవి, పాత తగవులున్నవి. ఆమె చేయవలసినదల్లా వారు ఎట్లు మాటాడుదురో చెవియొగ్గి వినుట. ఈతకు దిగినవానికి బెండ్లు కట్టినట్లు, పరుల పాత్రలు ఆమెను తేల్చి యుంచును. కొంతకాలమునకు బెండ్లు విప్పి తానే ఈదవచ్చును. లేదా బెండ్లతోనే సుఖముగా ఈదుచుండవచ్చును. రెండింట తప్పు లేదు.

ఇక ఐదవ మెట్టు అన్నిటికన్న ముఖ్యము. తనవలెనే మఱికొందఱును ఇట్లు వ్రాయుచున్నారని తెలిసికొనుట. అంతవఱకు ఆమె సిగ్గుపడి పుస్తకమును పరుపుక్రింద దాచినది. ఇతరులు వ్రాసినవి చూచిన దినమున, తాను చేయుచున్నది పిచ్చిపని కాదనియు, దానికొక పేరున్నదనియు ఆమెకు తెలియును. చాలమంది విషయమున రచయిత పుట్టుట ఆ దినముననే.

పాశ్చాత్య దేశములలో ఈ సంగతి ప్రసిద్ధముగా జరిగినది రెండుమాఱులు. 1893 డిసెంబరులో ఆర్థర్ కానన్ డాయిల్ తన అపరాధపరిశోధకుడైన షెర్లాక్ హోమ్సును స్విట్జర్లాండులోని రైకెన్‌బాక్ జలపాతమున పడవైచి కథ ముగించెను. పాఠకులు ఊరకుండలేదు, కోపముతో జాబులు వ్రాసిరి, పత్రికకు చందాలు మానుకొనిరి. తుదకు 1903లో డాయిల్ హోమ్సు చావలేదని చెప్పి మరల తీసికొనివచ్చెను. ఆ పాత్రతో ఇతరులు వ్రాసిన కథలు నేటికిని వెలువడుచునే యున్నవి. రెండవది టెలివిజనుకు సంబంధించినది. 1966 సెప్టెంబరులో అమెరికాలో "స్టార్ ట్రెక్" అను అంతరిక్షయాత్రా ధారావాహిక ప్రారంభమైనది. మఱుసటి సంవత్సరమే, అనగా 1967లో, అభిమానులు "స్పాకనేలియా" అను పత్రికను స్వయముగా అచ్చువేసికొని అందలి పాత్రలపై కథలును కవితలును ప్రకటించిరి. ధారావాహిక 1969లో ఆగిపోయినను కథలు ఆగలేదు. వ్రాసినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. తెరమీద తమకు చాలినంత చోటు దొరకనివారు కాగితముమీద చోటు చేసికొనిరి.

మన దేశమునందలి ఉదాహరణము ఇంకను బలమైనది. రామానంద సాగర్ నిర్మించిన "రామాయణ్" 1987 జనవరి 25 మొదలు 1988 జూలై 31 వఱకు దూరదర్శనమున ప్రతి ఆదివారము ఉదయము ప్రసారమైనది. పట్టాభిషేకముతో కథ ముగియునని తెలిసినపుడు ఉత్తరభారతమున జలంధరు మొదలగు పట్టణములలో పారిశుద్ధ్య కార్మికులు పని మానివేసిరి. వారు వాల్మీకి మహర్షిని తమ మూలపురుషునిగా కొలుచువారు. మహర్షి యాశ్రమమున సీత తలదాచుకొనుటయు, కుశలవులు పెరుగుటయు ఉత్తరకాండలోనే గదా యున్నవి! ఆ భాగము చూపనిచో తమ మహర్షి కథలో లేనట్లే. వారు జీతమునకై సమ్మె చేయలేదు. కథ ముందుకు సాగవలెనని సమ్మె చేసిరి. తుదకు ఉత్తరకాండయు చిత్రింపబడి ప్రసారమైనది. కథ యెచ్చట ముగియవలెనో నిర్ణయించుట చిన్న విషయము కాదనియు, దానిలో ఎవరి గౌరవమో ఇమిడియుండుననియు ఈ సంఘటన చెప్పుచున్నది.

తెలుగు ఇండ్లకు ఇంకను దగ్గఱి సంగతి "కార్తీకదీపము". మలయాళమునందలి "కరుత్తముత్తు" ననుసరించి తీసిన ఈ ధారావాహిక 2017 అక్టోబరు మొదలు 2023 జనవరి వఱకు 1500 పైచిలుకు భాగములుగా నడచినది. వంటలక్కయు డాక్టరుబాబును తెలియని గృహము తెలుగునాట అరుదు. 2022లో ఆ యిరువురును ప్రమాదమున మరణించినట్లు చూపి, కథను వారి కుమార్తెల తరమునకు దాటించిరి. ప్రేక్షకుల మనస్సు ఆ వెలితిని ఒప్పుకొనలేదు. కొన్ని నెలలకే చనిపోయినవారు తెరపైకి తిరిగి వచ్చిరి. రైకెన్‌బాక్ జలపాతమున పడిన హోమ్సును మరల తెచ్చిన ఆగ్రహమును ఈ ఆగ్రహమును ఒకే తల్లి బిడ్డలు. ఆ నెలలలో ఎన్ని వసారాలలో ఎన్నివిధములుగా వంటలక్క బ్రదికి వచ్చినదో ఎవరు లెక్కింపగలరు?

ఇక గండికి వత్తము. చెఱువుకట్ట తెగిన చోటును గండి యందుము; కొండ తెగిన చోటును గండి యందుము. జమ్మలమడుగు చేరువ పెన్న కొండను కోసిన చోట గండికోట వెలసినది. వేంపల్లెకు సమీపమున పాపాఘ్ని కొండల వరుసను చీల్చుకొని పోవుచోట వీరాంజనేయస్వామి క్షేత్రము వెలసినది. కర్ణాటకమున నందికొండలలో పుట్టిన ఈ యేఱు కమలాపురము చెంత పెన్నలో కలియును. శ్రావణమాసపు శనివారములయందు ఈ సన్నిధికి వచ్చు జనము ఇంతింత యనరాదు.

అచ్చట చెప్పుకొను కథ యిది. సీతను వెదకుచు శ్రీరాముడు ఈ త్రోవను వచ్చినపుడు, ఇచ్చట తపస్సు చేయుచున్న వాయుదేవుడు తన యాతిథ్యము స్వీకరింపుమని వేడెను. కార్యము ముగియలేదు, తిరుగు ప్రయాణమున వత్తునని రాముడు మాట యిచ్చెను. రావణసంహారము ముగిసి రాముడు మరలివచ్చు వార్త విని వాయుదేవుడు ఆనందముతో ఈ కొండకును ఆ కొండకును నడుమ బంగారు తోరణము కట్టెను. విడిసియున్న సమయమున రాముడు తన బాణపు మొనతో శిలమీద హనుమంతుని రూపమును గీచెను. ఎడమచేతి చిటికెనవ్రేలు మాత్రము పూర్తికాలేదు. తరువాతి కాలమున వ్యాసరాయలు ఆ రేఖలను శిల్పముగా మలపించెననియు, వ్రేలిని పూర్తిచేయబోగా శిలనుండి రక్తము స్రవించుటచే అట్లే విడిచిరనియు చెప్పుదురు. బంగారు తోరణము నేటికిని కొండల నడుమ ఉన్నదట. పుణ్యాత్ములకు, అదియును అంత్యకాలము సమీపించినపుడు మాత్రమే, కనబడునట.

భక్తులకు ఇది సత్యము. ఆ భక్తికి మేము చేతులు మోడ్చుచున్నాము. సాహిత్య విద్యార్థి దృష్టితో మాత్రము ఇచ్చట ఒక సంగతి గమనింపవలసియున్నది. వాల్మీకి రామాయణమున ఈ ఘట్టము లేదు. అందు రాముడు లంకనుండి పుష్పకమున బయలుదేఱి, సీత కోరికపై కిష్కింధయందు వానరస్త్రీలను ఎక్కించుకొని, భరద్వాజాశ్రమము మీదుగా నందిగ్రామమునకు పోవును. పుష్పకము వేగముగా పోయినది. కథయు వేగముగా పోయినది. ఆ వేగమున ఒక ఖాళీ మిగిలినది. సముద్రము దాటి, లంక కాల్చి, సంజీవని తెచ్చిన కొడుకును గన్న తండ్రికి స్వామి దర్శనమెప్పుడు? ఆ తండ్రి యింట స్వామి ఒక పూట నిలువలేదా? సీత జాడ తెచ్చిన దినమున, నీకిచ్చుటకు నా కౌగిలి తప్ప ఏమియు లేదని రాముడు హనుమంతునితో అనెనని వాల్మీకి చెప్పెను. సర్వమును తిరిగి వచ్చిన పిమ్మటనైన స్వామి బంటునకు ఏమైన చేసెనా?

ఈ ప్రశ్నలు పండితుని ప్రశ్నలు కావు, అభిమానివి. ఆడుబిడ్డకు నిద్రపట్టినదా యని అడిగిన ఆ బాలిక ప్రశ్నకు ఇవి తోబుట్టువులు. పేరు తెలియని ఎవరో, ఏ శతాబ్దముననో, ఈ కొండగండిలో నిలిచి కథలోని గండిని చూచిరి. తండ్రి చేత తోరణము కట్టించిరి. స్వామి చేత బంటు బొమ్మను గీయించిరి. ఎంత సున్నితమైన ఊహ! సేవకుడు స్వామి బొమ్మను గీచి పూజించుట లోకరీతి. ఇచ్చట స్వామియే సేవకుని గుర్తుతెచ్చుకొనుచు రాతిమీద గీతలు గీచుచున్నాడు.

ఈ జిల్లాలోనే ఒంటిమిట్ట యున్నది. అచ్చటి గర్భగుడిలో సీతారామలక్ష్మణులున్నారు, హనుమంతుడు లేడు. కారణమడిగినచో, ఆ మూర్తులు వెలసిన నాటికి రాముడు హనుమంతుని ఇంకను కలిసికొనలేదని చెప్పుదురు. చూడుడు, జనులు కథయొక్క కాలక్రమమును ఎంత జాగ్రత్తగా కాపాడిరో! ఒంటిమిట్ట హనుమంతుడు రాకపూర్వపు ఘట్టము. గండి యుద్ధము ముగిసిన పిమ్మటి ఘట్టము. పొరుగున అనంతపురము సీమలో లేపాక్షి జటాయువు కూలిన చోటు. ఊరూరును రామాయణములో తన పుటను తాను వ్రాసికొన్నది.

పుట వ్రాయుట అచ్చటితో ఆగలేదు. 1820 మొదలు చెన్నరాజధానికి గవర్నరుగా నుండిన సర్ టామస్ మన్రో అంతకుముందు దత్తమండలములకు కలెక్టరుగా ఏడేండ్లు పనిచేసినవాడు. రాయలసీమ రైతులు గౌరవముతో తలచుకొన్నవాడు. అతడు 1827 జూలై 6న పత్తికొండలో కలరాచే మరణించెను. ఆ తుదియాత్రలో అతడు గండి మీదుగా పోవుచు తలయెత్తి చూచి, ఆ తోరణమెవరు కట్టిరని అడిగెననియు, తోడివారికి ఏమియు కనబడలేదనియు ఈ ప్రాంతమున కథ యున్నది. ఒక ఆంగ్లేయ అధికారిని సైతము జనులు రామకథలో పాత్రగా చేర్చుకొనిరి! తాము ప్రేమించినవానికి తాము ప్రేమించిన కథలో చోటు కల్పించుట కంటె గొప్ప సన్మానము వారి దృష్టిలో లేదు కాబోలు.

తెలుగు స్త్రీల పాటలను చూచినచో ఈ విషయము ఇంకను స్పష్టమగును. కృష్ణశ్రీ సంకలనము చేసిన "స్త్రీల రామాయణపు పాటలు" 1955లో హైదరాబాదున ఆంధ్ర సారస్వత పరిషత్తు పక్షమున వెలువడినవి. దంపుళ్ళకడను ఊయెలలకడను తల్లులు తరతరములుగా పాడుకొన్న పాటలవి. వాల్మీకి ఊర్మిళను దాదాపు విడిచిపెట్టెను. మన తల్లులు విడువలేదు. లక్ష్మణుడు పదునాలుగేండ్లు నిద్రమానగా ఆమె పదునాలుగేండ్లు నిద్రించినదనిరి. అతడు తిరిగివచ్చి శయ్యచెంత నిలువగా, ఆమె గుర్తింపక, పరపురుషుడనుకొని భయపడి, పరస్త్రీని కోరినవారికి పట్టిన గతులను చెప్పి హెచ్చరించుచున్నది. పదునాలుగేండ్లు భార్యను విడిచి పోయినవానికి ఇంతకన్న మర్యాదగల శిక్ష యేమున్నది?

మఱియొక పాటలో శూర్పణఖ తాపసివేషమున అయోధ్యకు వచ్చి, రావణుని రూపమును గీచి చూపుమని సీతను అడుగును. సీత ఎన్నడును అతని ముఖము చూడలేదు; కాలి బొటనవ్రేలు మాత్రము గీచును. మిగిలిన రూపమును శూర్పణఖ పూర్తిచేసి ప్రాణము పోయును. ఆ పటమే సీతకు కష్టము తెచ్చినది. గండిలో రాముడు విడిచిన చిటికెనవ్రేలును, ఈ పాటలో సీత గీచిన బొటనవ్రేలును తలచుకొన్నపుడు మాకొక సంగతి తోచుచున్నది. సగము గీచిన బొమ్మను మనిషి చూచి ఊరకుండలేడు. ఒకడు భక్తితో దానిని అట్లే కాపాడును, మఱియొకడు పూర్తిచేయబోవును. పూర్తిచేయు చేయి యెట్టిదో దానిని బట్టి మేలో కీడో కలుగును.

రంగస్థలమునకు వచ్చినచో, తోలుబొమ్మలాటలో రామరావణుల నడుమకు జుట్టుపోలిగాడును బంగారక్కయు కేతిగాడును వచ్చి కూర్చుండిరి. వారు ఏ పురాణమునందును లేరు. వారు లేనిదే ఆట రక్తికట్టదు. భారతమున అభిమన్యుని భార్య ఉత్తర. బలరాముని కూతురు శశిరేఖయు, ఆమె రూపము ధరించి పెండ్లిపీటలమీద కూర్చుండిన ఘటోత్కచుడును వ్యాసునికి తెలియరు. జనులు చెప్పుకొన్న ఆ కథ నాటకములకెక్కి, పిమ్మట 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనతో "మాయాబజార్" అయినది. నేడు తెలుగువారిలో భారతము చదివినవారికంటె శశిరేఖను ఎఱిగినవారే అధికులు. అట్లే కృష్ణార్జునులు గయుని నిమిత్తమున పోరాడుట మూలభారతమున లేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి "గయోపాఖ్యానము" ఊరూర ఆడినది. ఇవి యన్నియు అభిమాన కథలు కాక మఱేమి?

అయినను రెండవ పక్షమునుగూడ వినుట న్యాయము. అభిమానము రెండు తెఱంగులు. కడప మండలమునకు వన్నె తెచ్చిన వావిలికొలను సుబ్బారావుగారు, తరువాత వాసుదాసస్వామి యని పేరొందినవారు, వాల్మీకి రామాయణమును యథామూలముగా తెలుగు పద్యములలోనికి తెచ్చిరి. "మందరము" అను విపులమైన వ్యాఖ్యానము వ్రాసిరి. ఒంటిమిట్ట రామాలయోద్ధరణకై టెంకాయచిప్ప చేతబట్టి భిక్షమెత్తిరి. వారి అభిమానము మూలమును కాపాడునట్టిది. ఇంకొక అభిమానము మూలమును పెంచునట్టిది. ప్రొద్దుటూరులో చిరకాలము నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు తమ "జనప్రియ రామాయణము"న రామకథను తమ గొంతుతో తిరిగి చెప్పిరి. దానికి 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. కాపాడువాడు లేనిచో గోడ ఎచ్చట ఉన్నదో పెంచువానికి తెలియదు. పెంచువాడు లేనిచో గోడలోపల మనుష్యులుండరు.

"రామాయణము వేఱు, నిన్న మొన్నటి ధారావాహిక వేఱు, దానికి సొంతదారున్నాడు గదా!" అని అడుగవచ్చును. నిజమే. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత జీవితకాలమును, ఆ పిమ్మట 60 సంవత్సరములును సాహిత్య రచనకు రక్షణ యున్నది. 1915లో గతించిన గురజాడ అప్పారావుగారి గిరీశమును ఎవరైనను తీసికొనవచ్చును. ముళ్ళపూడి వెంకటరమణగారు "గిరీశం లెక్చర్లు" వ్రాసి నవ్వించిరి గూడ. నేటి ధారావాహిక పాత్రలు అట్టివి కావు. కావున వ్రాయువారు కొన్ని మర్యాదలు పాటింపవలెను. మూలమెవరిదో మొదటనే చెప్పవలెను. వ్రాసినదానిని అమ్ముకొనరాదు. అన్నిటికన్న ముఖ్యముగా, పాత్రను గూర్చి వ్రాయవచ్చునుగాని, ఆ పాత్ర ధరించిన నటీనటుల స్వంతజీవితమును కల్పించి వ్రాయరాదు. వంటలక్క అందఱిది; ఆ వేషము వేసిన స్త్రీ ఆమె కుటుంబమునకు చెందినది. ఈ భేదము తెలియనిచో అభిమానము అపచారమగును.

మఱియొక విషయమున్నది. మేము ధ్వనితో పని చేయువారము గనుక అది మా చెవికి త్వరగా సోకును. తెరమీద రాయలసీమ పలుకు ఎవరి నోట వినబడుచున్నది? ఎక్కువభాగము కత్తి పట్టినవాని నోట, లేక నవ్వు పుట్టించువాని నోట. నాయిక మాత్రము ఏ ఊరిదైనను మఱియొక సీమ భాష మాటాడును. పులివెందుల బాలిక తన నోటుపుస్తకములో ఆ నాయిక చేత "యాడికి పోతివి నాయనా, ఇంతసేపు? నీ కోసరమే చూస్తాండా" అనిపించినచో, ఆ నాయిక మొదటిసారిగా ఆ యింటి ఆడుపడుచైనది. కత్తి పట్టని రాయలసీమ మాట, జబ్బుపడిన బిడ్డకు గంజి తాపు రాయలసీమ మాట, కాగితముమీదికి వచ్చినది. కేతు విశ్వనాథరెడ్డిగారు, 1996లో వారి కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది, కడప సీమ పల్లెల బ్రతుకును ఆ మట్టివాసనతోనే కథలుగా మలచిరి. అట్టి రచయితలు ఆకాశమునుండి ఊడిపడరు. ఎచ్చటనో ఒక నోటుపుస్తకము చివరి పుటలలో మొదలగుదురు. ఆ పుటలు చింపివేయబడినచో మనము పోగొట్టుకొన్నది ఏమో మనకు ఎన్నటికిని తెలియదు.

చింపివేయబడుట ఊహ కాదు. మగపిల్లవాడు వ్రాసికొన్నచో కవి యగునేమో అందుము. ఆడపిల్ల వ్రాసికొన్నచో ఎవరికి వ్రాయుచున్నావని అడుగుదుము. ఊర్మిళ పాటను కట్టిన తల్లులకు పేరు లేదు. పేరు పెట్టుకొను స్వాతంత్ర్యము వారికి లేకపోయినను పాడుకొను స్వాతంత్ర్యమైనను దంపుడుకడ దొరికినది. రోకలి పోయినది, తిరుగలి పోయినది, వాటితోడనే ఆ పాడుకొను చోటును పోయినది. దానికి మాఱుగా నేటి పిల్లలకు దొరికినది ఈ నోటుపుస్తకమే.

కావున గృహస్థులైన మీకు మా మనవి యిది. మీ యింట ఎవరైన ధారావాహికలోని మనుష్యులపై కథ వ్రాయుచున్నట్లు కనబడినచో, అడుగకుండ తెఱచి చదువవలదు; చదివి నవ్వవలదు. "తరువాత ఏమైనది?" అని మాత్రము అడుగుడు. ఆమె చెప్పినచో వినుడు. వీలైనచో ఊర్మిళ కథను, శశిరేఖ కథ పుట్టిన తీరును ఆమెకు చెప్పుడు. తాను ఒంటరి కాదనియు, తన వెనుక వందల యేండ్ల బంధువర్గమున్నదనియు ఆమెకు తెలియవలెను. ఈసారి శ్రావణ శనివారమున గండికి పోయినపుడు ఆ శిలమీది చిటికెనవ్రేలును చూపుడు. దానిని గూర్చి పెద్దలు చెప్పు కథను పూర్తిగా చెప్పుడు. ఆమె ఏమైన ప్రశ్న వేసినచో, జవాబు మీకు తెలియకపోయినను తొందరపడి ఆమె నోరు మూయవలదు. ఆ ప్రశ్నకు జవాబు ఆమెయే వ్రాయవచ్చును.